తడిచెత్త లేని ఇల్లు

ఆ రోజుల్లో మనిషిని చూడగానే ఎలాంటివాళ్లో ఇట్టే పసిగట్టగలనని నాకు గట్టి నమ్మకం. డిగ్రీ అప్పుడే అయిపోయింది, మెడలో గుర్తింపు కార్డు పడింది, చేతికి రిజిస్టరు వచ్చింది, ఇంకేం కావాలి. మా సిద్దిపేటలో చెత్తబండితో పాటు ఇంటింటికీ తిరిగి, తడిచెత్త, పొడిచెత్త వేరు చేసి ఇస్తున్నారా లేదా చూసి రాసుకోవడం నా ఉద్యోగం. మూడు నెలలకు పెట్టుకుని, బాగా చేస్తే పొడిగిస్తామన్నారు. (గల్లీలో అందరూ నన్ను చెత్త మేడం అనేవాళ్లు. నాకు మేడం ఒక్కటే వినపడేది.)

గల్లీ చివర రంగు ఊడిన గేటు వెనక ఒక ముసలమ్మ ఒంటరిగా ఉండేది. గేటు తీయదు, ఊచల సందులోంచే మాట్లాడుతుంది, అందుకని ఆమెకు గేటవ్వ అని పేరు పెట్టుకున్నాను. పొడిచెత్త మాత్రం కాగితాలు వేరు, కవర్లు వేరు కట్టి ఇచ్చేది. తడిచెత్త ఏదంటే రోజూ ఒకటే జవాబు, "తడిచెత్త లేదు, పో." వండుకుని తినే మనిషికి తడిచెత్త ఎందుకుండదు? ఆ ఇంటి పక్కనే ఉన్న మోరి, అంటే మురికికాలువ, తరచూ నిండిపోయేది. నాకు సంగతి అర్థమైపోయింది. "మోరీలో పారబోస్తున్నారు" అని రాశాను. అంతటితో ఆగానా, రిమార్కుల గడిలో "మాటతీరు కూడా బాగాలేదు" అని చేర్చాను. (ఆ సంగతి ఎవరూ అడగలేదు.)

ఆ శనివారం వార్డు మీటింగులో, గల్లీ ఆడవాళ్లంతా కూర్చుని ఉండగా, మా మున్సిపాలిటీ సారు నా రాతను మైకులో చదివేశాడు. గేటవ్వ లేచి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. కొంగు సర్దుకుని మెల్లగా అడిగింది, "నేను మోరీల పారబోస్తుంటె నువ్వు చూసినవా బిడ్డా?" నేను సారు వైపు చూశాను, సారు రిజిస్టరు వైపు చూశాడు. "గీ గల్లీల నలభై ఏండ్ల సంది ఉంటున్న. ఎవ్వరితోని మాట పడలే. రేపు పొద్దుగాల రా, గేటు తీసి పెడ్త" అని వెళ్లిపోయింది. ముందు వరుసలో ఇద్దరు ముక్కున వేలేసుకున్నారు. ఆమె కళ్లలో నీళ్లు చూశాను.

పొద్దున్నే బండి నడిపే అన్నను వెంటబెట్టుకుని వెళ్లాను. గేటు తీసే ఉంది. పెరట్లో పాత గోలెం, వెడల్పాటి తొట్టి, అందులో బియ్యం కడిగిన నీళ్లు, గంజి, బీరకాయ పొట్టు, అరటి తొక్కలు. చూస్తుండగానే వెనక సందులోంచి పాలమ్మే ఆమె రెండు బకెట్లతో వచ్చి, ఆ కుడితి ముంచుకుని తన బర్రెలకు తీసుకుపోయింది. "గిది తడిచెత్తనే గదా అవ్వా, లేదని ఎందుకు చెప్పినవ్?" అన్నాను, ఇంకా కాస్త మిగిలిన పట్టుదలతో. "బర్రె తినేది చెత్త ఎట్లయితది?" అంది. గేటు సంగతి అడిగితే, "తీస్తె మేకలొచ్చి గోలెంల మూతి పెడ్తయి" అంది. అన్న వైపు తిరిగి నీకు తెలుసా అన్నాను. అతను తల గోక్కుంటూ, "తెల్సు మేడం. నువ్వు అడుగుతలేవు, రాస్తున్నవ్. గందుకె ఊకున్న" అన్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మా అమ్మ నవ్వి నవ్వి, నన్ను వంటింటి వెనక్కి తీసుకెళ్లింది. అక్కడా ఒక కుడితి బకెట్. అదే పాలామె వచ్చి తీసుకుపోతుందట. "పదేండ్ల సంది గీడనే ఉంది. నువ్వు ఎన్నడన్న వంటింటి దిక్కు వస్తె గద కనవడేది" అంది. (మా ఇంటికి మాత్రం నేను రోజూ టిక్కు పెట్టేదాన్ని, చూడకుండానే.)

తర్వాతి శనివారం మైకు నేనే అడిగి తీసుకున్నాను. ఉద్యోగం పొడిగించరేమోనని భయంగానే ఉంది. చూడకుండా రాశానని, అవ్వ తప్పేమీ లేదని, నన్ను క్షమించమని గొణిగి కూర్చోబోయాను. గేటవ్వ లేచింది. "గట్టిగ చెప్పు బిడ్డా. ఆ దినం సారు చదివింది ఎనకదాంక ఇనొచ్చింది. నీది ముందటోళ్లకే ఇనొస్తుంది." మళ్లీ లేచి, చివరి వరుసదాకా వినపడేలా మొత్తం చెప్పాను. అందరూ నవ్వారు, అవ్వ కూడా నవ్వింది. ఉద్యోగం పొడిగించారు, ఎందుకో ఇప్పటికీ తెలియదు. ఎవరి గురించైనా టక్కున ఒక మాట అనబోయి సగంలో ఆగడం అప్పుడే అలవాటైంది (అన్నిసార్లూ ఆగుతానని కాదు). రిజిస్టరు గుండెలకు హత్తుకుని, అన్నీ తెలిసినట్టు గల్లీలో నడిచిన ఆ పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పాపం, ఎంత కష్టపడి చూసేదో, కళ్లు రెండూ కాగితంలోనే పెట్టుకుని.