పీలిక కట్టిన సొరకాయ

దర్జీకి మొక్కల గురించి ఓనమాలు కూడా రావని ఆయన భార్య బతికున్నన్నాళ్ళూ వేళాకోళం చేసేది. నిజమే. పన్నెండు వాటాల ఆ భవనం డాబా మీద తొట్లు, పాత డ్రమ్ములు, చిరిగిన సిమెంటు సంచులు, వాటిలో పెరిగే పచ్చదనం అంతా ఆమె చలవే. ఒకరి మొహం ఒకరికి తెలియని ఇరుగుపొరుగును సాయంత్రాలు డాబా ఎక్కించింది ఆమె సొరపాదు. కాయ కోసం వచ్చిన వాళ్ళు కబుర్లకు కూర్చున్నారు, తర్వాత తలా ఒక తొట్టి తెచ్చుకున్నారు.

ఆమె పోయి మూడేళ్ళు. గొంతు దగ్గర పొట్టిగా, తొక్క మీద తెల్లచారలతో ఉండే ఆ సొరకాయ గింజలు ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఆ రకం ఇంకెక్కడా ఆయన చూడలేదు. పాత గింజ సరిగ్గా మొలవదని ఆమె అనేది కాబట్టి ఉన్నవన్నీ ఏటికేడు పాతేసేవాడు. ఒక మంచి కాయకు గుడ్డపీలిక కట్టి, తీగ మీదే ఎండనిచ్చి, మళ్ళీ గింజలు తీసుకునేవాడు.

కాయలు పంచడంలో ఆయన చేతికి ఎముక లేదు. గింజల దగ్గరే పరమ పిసినారి. కింది వాటా నర్సమ్మ రెండుసార్లు అడిగింది.

"కాయ అడుగు, ఇప్పుడే కోసిస్తా. గింజ మాత్రం అడక్కు తల్లీ."

వేరే పాదులతో కలిస్తే రకం చెడిపోతుందని సాకు చెప్పాడు. అసలు సంగతి అది కాదు. భార్య తాలూకు ఆ ఒక్కటైనా తన దగ్గరే ఉండాలన్న స్వార్థం.

ఈ ఏడు వానలకు మొదట పీలిక కట్టిన కాయ కుళ్ళిపోయింది. ఆలస్యంగా దిగిన ఇంకో కాయకు కట్టాడు. వారం తిరక్కుండానే జ్వరం తగిలి ఆసుపత్రిలో పడ్డాడు. భవనంలో వాళ్ళు వంతులు వేసుకున్నారు. బస్సు డ్రైవరు డ్యూటీకి వెళ్ళేముందు, టీచరమ్మ బడి నుంచి వచ్చాక, బకెట్లతో నాలుగంతస్తులు ఎక్కి నీళ్ళు పోశారు.

పదో రోజు నర్సమ్మ క్యారేజీ తెచ్చింది. మంచం పక్కన కూర్చుని మూత తీసింది.

"మన డాబా సొరకాయే బాబాయ్. మీ పీలిక కాయ."

ఆయన చెంచా ఆగిపోయింది. "పీలిక కట్టింది కోశారా?"

"మీ కొట్లో కుట్టడం అయిపోయిన మూటకేగా పీలిక కట్టేవారు? వచ్చి పట్టుకెళ్ళమనే గుర్తు. నా జాకెట్లు ఎన్నిసార్లు అలా తీసుకెళ్ళలేదు! ఇదీ మీకోసం ఉంచుకున్నారనుకున్నాం. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు, మొత్తం మీకే వండాను."

"గింజలు?"

"ఇంకా ముదరని పాలగింజలు బాబాయ్, కూరలోనే కలిసిపోయాయి."

"తీగ మీద ఇంకేమైనా..."

"అదే ఆఖరిది. తీగ ఎండిపోతే డ్రైవరన్న పీకేసి తొట్లు కడిగాడు. మీరొచ్చి నడుం వంచక్కర్లేదు."

కోపం వచ్చింది. ఎవరి మీద? నలభై ఏళ్ళు పీలికకు ఆ అర్థం నేర్పింది తనే. రెండంటే రెండు గింజలు ఆ పిల్ల చేతిలో పెట్టి ఉంటే, ఈపాటికి ఆమె తొట్టిలో పాకుతూ ఉండేవి. భార్య పోయిన రోజు జనం మధ్య రాని ఏడుపు ఇప్పుడు వస్తానంటోంది. తలొంచుకుని తినసాగాడు. జ్వరపడ్డ నోరు, గడ్డి తిన్నట్టుంది. అయినా ఒక్క ముక్క వదల్లేదు.

"ఉప్పు సరిపోయిందా?"

"సరిపోయింది తల్లీ."

నర్సమ్మ ఖాళీ గిన్నె చూసి మురిసిపోయింది. క్యారేజీ సర్దుకుంటూ నవ్వింది.

"వచ్చే ఏడు మీరు దాచుకున్న ఆ గింజలు నాకూ రెండు ఇవ్వాల్సిందే. ఈసారి ఊరుకోను బాబాయ్."

"ఇస్తాను తల్లీ," అన్నాడు దర్జీ.