మా ఇంటి మూడు సింగిడులు

మొన్న సాయంత్రం వాన వెలిసి ఎండ కాసినప్పుడు మా మేడ మీది నుంచి సింగిడి కనబడింది. పుస్తకాల్లో ఇంద్రధనుస్సు అని రాస్తారు గానీ మన తాండూరు వాళ్లకు అది సింగిడే కదా. మా మనవరాలు దాన్ని ఫొటో తీసి, ఇంకా తెలుసుకుందామని ఫోనులో ఆ పేరు కొడితే ముందు చీరల దుకాణం ఒకటి వచ్చింది, తర్వాత ఎవరిదో పాట, ఆ తర్వాత ఇంకేదో బొమ్మ. ఆకాశంలోని అసలుది ఎక్కడో అడుగున ఉంది. పిల్ల విసుక్కుంది. నాకు మాత్రం నవ్వాగలేదు, ఎందుకంటే నా చిన్నతనంలో ఒకే వానాకాలంలో మా ఇంటికి ఇట్లాగే ఒకదానితో ఒకటి సంబంధం లేని సింగిడులు మూడు పోగయ్యాయి.

పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు సంగతి. అమ్మ పోయి అప్పటికి ఎన్నాళ్లో కాలేదు. అక్క తొలి కానుపుకు పుట్టింటికి వచ్చి ఉంది. మా ఇళ్లలో పసిగుడ్డును కొత్త బట్ట మీద పడుకోబెట్టరు; ఇంటి ఆడవాళ్లు కట్టి కట్టి, ఉతికి ఉతికి మెత్తబడిన చీరలతో బొంత కుట్టి, దాని మీదే వేస్తారు. కొత్త బట్ట పసి ఒంటికి గుచ్చుకుంటుందని పైకి చెప్పేవారు గానీ, అందరి ఒడిలోనూ ఒకేసారి పడుకోబెట్టడమే దాని అసలు ఉద్దేశమని నాకిప్పుడు అనిపిస్తుంది.

ఆ బొంత మా నాయనమ్మ కుట్టింది. నలుగురిలా చదరపు ముక్కలు కాకుండా, రంగు పక్కన రంగు వంపుగా పేర్చి, దానికి సింగిడి బొంత అని తనే పేరు పెట్టుకుంది. ఆకుపచ్చది మేనత్త చీర, వంకాయ రంగుది పెద్దమ్మ చీర, పసుపుది అమ్మది. అమ్మవి మిగతావన్నీ పంచిపెట్టేశారు, మిగిలింది ఆ పసుపు చీర ఒక్కటే. పుట్టబోయేవాళ్లకు అమ్మమ్మ తరఫున ఉన్నది అదేనని అక్కకు అదంటే ప్రాణం. నారింజ రంగు చీర వెతికినా దొరక్కపోయేసరికి నాయనమ్మ తన ఎర్ర ఇల్కల్ చీర ముక్కను నేరుగా అమ్మ పసుపుకు ఆనించి కుట్టేసింది. తాత పోయినప్పటి నుంచి పెట్టె దాటని చీర, నీళ్లెరుగదు. ఉతికి కుట్టాలని తెలిసీ, మెరుపు పోతుందని ఉతకలేదు. మా నాయనమ్మ సోకు అట్లాంటిది!

ఇంకో మాట కూడా చెప్పాలి. అమ్మ బతికున్నన్నాళ్లూ ఆ అత్తాకోడళ్లిద్దరూ ఉప్పూ నిప్పూ. పులుసులో చింతపండు దగ్గర మొదలైన తగువు రోజుల తరబడి సాగేది, ఒకే పొయ్యి దగ్గర కూర్చొని కూడా మాట్లాడుకునేవారు కాదు, మధ్యలో రాయబారం నాది.

ఇక రెండో సింగిడి మా అన్నది. వికారాబాదులో చిన్న నౌకరీ చేస్తూ, దోస్తులను పోగేసి నాటకం రాశాడు. పొలం పంపకాల్లో విడిపోయి మళ్లీ కలుసుకునే అన్నదమ్ముల కథ, దానికి సింగిడి అని పేరు. బొంత పేరు అతనికి తెలియదు, నాటకం పేరు నాయనమ్మకు తెలియదు. తెర గీసిస్తానన్నవాడు చెయ్యివ్వడంతో దిగాలుగా ఇంటికొచ్చిన అన్న, ఆ బొంతను చూసి గంతులేశాడు. "ఒక్క పూటకియ్యవే నాయనమ్మా, రేపు పొద్దుగాల బండికి తెచ్చిస్త" అని గడ్డం పట్టుకున్నాడు. నొప్పులు ఎప్పుడొస్తాయోనని అక్క వద్దంటూనే ఉంది. తన పనితనం వికారాబాదు వాళ్లందరూ చూస్తారన్న మురిపెంలో నాయనమ్మ మడిచి ఇచ్చేసింది.

నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు, నేను రైలెక్కి వెళ్లాం. ఆరుబయలు వేదిక, వెనక బొంత వేలాడుతుంటే నాకెంత గర్వమో! నాటకంలో అన్నదమ్ములు పొలం గట్టు కోసం కలబడుతున్నారో లేదో, వాన దబదబా దంచింది. జనం తలో దిక్కు పరుగెత్తారు. అన్న ముందు అరువు తెచ్చిన హార్మోనియాన్ని కాపాడుకున్నాడు, బొంత చివరికి గుర్తొచ్చింది. వాన ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది, తూర్పున మూడో సింగిడి, ఆకాశంలోది, నిండుగా పొడిచింది, నాటకం కన్నా ఇదే బాగుందని ఎవరో అన్నారు కూడా. మేం తలెత్తి చూస్తే కదా. బొంతలో ఎరుపు దిగి అమ్మ పసుపు చీరలోకి పాకిపోయి ఉంది. అన్న దాన్ని పట్టుకొని వేదిక మెట్టు మీద కూలబడి ఏడ్చాడు.

పొద్దున ఇంటికి చేరాక అక్క అరవలేదు. ఆ పసుపు ముక్కను ముఖానికి ఆనించుకొని, "అమ్మ వాసన పోయిందిరా" అంది, అంతే. అన్న మళ్లీ ఏడుపు అందుకున్నాడు. నాయనమ్మ బొంతను వాకిట్లో నాపరాయి మీద పరిచి, వంగి చూసింది.

"ఎందుకేడుస్తవురా? ఉతకని చీర కుట్టింది నేను. మీ అమ్మ బతికున్నన్ని రోజులు మా ఇద్దరి నడుమ గట్టు తెగకపాయె. ఇప్పుడు నేనే పోయి ఆమెను అంటుకున్న. జర చూడుండ్రి, లేని రంగు గూడ వచ్చింది" అని నవ్వబోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయనమ్మ అమ్మ కోసం ఏడవడం నేను చూసింది అదే మొదలు. ఎరుపూ పసుపూ కలిసినచోట, నిజంగానే, సన్నగా నారింజ పట్టీ ఏర్పడి ఉంది.

ఆ వారంలోనే అక్కకు ఆడపిల్ల పుట్టింది. అక్క ఆ పట్టీ మీదే పిల్ల తల ఆనేట్టు పడుకోబెట్టుకుంది.

అన్న నాటకం మళ్లీ ఆడలేదు. బొంత మా ఇంట్లో పుట్టిన పిల్లలందరినీ మోసి మోసి పీలికలైపోయింది. ఇప్పుడు పుట్టకముందే దుకాణం నుంచి మెత్తటి పరుపులు వస్తున్నాయి, మంచివే, కాదనను. కానీ పడనివాళ్ల చీరలను పక్కపక్కన పెట్టి కుట్టేవాళ్లేరీ? సింగిడి కరిగిపోతుండగా మనవరాలు, "అమ్మమ్మా, అందులో నీకే రంగు ఇష్టం?" అని అడిగింది. నారింజ అన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని చూశాను. ఫోను మోగింది, మాట్లాడుకుంటూ కిందికి దిగిపోయింది.