ఆయిలు తుడిచిన గుడ్డ

మొన్న ఉదయం మా మనవడు కారు ముందు మూత ఎత్తి, ఆయిలు గేజు బయటికి లాగి, దాన్నొక తెల్ల కాగితంతో తుడిచి, ఆ కాగితం ముక్కు దగ్గర పెట్టుకుని మొహం చిట్లించాడు. ఆయిలు పెట్రోలు వాసన వస్తోందట, మట్టం కూడా గీత దాటి పైకి వచ్చిందట. మా ఇంట్లో ఒకరికైనా ముక్కు పనిచేస్తోందని నేను సంతోషించేలోపే, వాడు ఆ కాగితాన్ని వీధిలో పారేసి, ఫోను తీసి, తాను పెట్రోలు పోయించుకునే బంకువాళ్లు కల్తీ పోస్తున్నారని రాసి ఒక్క నక్షత్రం ఇచ్చాడు. అయిదు నక్షత్రాలిస్తే మంచివాళ్లనీ ఒక్కటిస్తే మోసగాళ్లనీ అర్థమని మా కోడలు నాకు విడమరచి చెప్పింది. బాగుంది. గేజు ఇంకా వెనక్కి పెట్టనైనా లేదు, తీర్పు మాత్రం వెలువడింది.

నాకు వెంటనే మా మామగారి అరుగు గుర్తుకొచ్చింది. అక్కడా తీర్పులు ఇట్లాగే వచ్చేవి.

నా ఈడువాళ్లకు జ్ఞాపకం ఉండే ఉంటుంది, ఆ రోజుల్లో కారున్న ఇల్లంటే మార్కాపురంలో వేళ్ల మీద లెక్కపెట్టేవాళ్లు. మా మామగారిది పలకల వ్యాపారం. పొదిలి, దర్శి, పామూరు దుకాణాలకు తిరిగి ఆర్డర్లు తెచ్చుకోవడానికని ఎవరో వాడి వదిలించుకున్న నల్ల కారొకటి కొన్నారు. ఆయనకు నడపడం రాదు. మా మరిదికి వచ్చునని చెప్పుకునేవాడు గానీ, ఒకసారి బండిని పలకల కట్టల మీదికి ఎక్కించిన తర్వాత అతని చేతికి తాళం ఎవరూ ఇవ్వలేదు. అందుకని గిద్దలూరు వైపు నుంచి ఒకాయనను డ్రైవరుగా పెట్టుకున్నారు. నేనాయనను అన్నా అని పిలిచేదాన్ని. మాట తక్కువ, పని ఎక్కువ. మా ఇంట్లో మగవాళ్లది సరిగ్గా దీనికి తిరగేసిన రకం.

అన్న రోజూ పొద్దున్నే గేజు తీసి తుడిచి, మళ్లీ ముంచి, ఆయిలు ఎంతుందో చూసేవాడు. తుడవడానికి నేను చిరిగిన చీర ముక్క ఇచ్చి, సాయంత్రానికి దాన్ని తిరిగి వసూలు చేసుకునేదాన్ని. ఆయిలు పట్టిన గుడ్డను పారేయడానికి నాకు చేతులు రావు. కట్టెల పొయ్యి అంటించడానికి దాన్ని మించింది లేదు, నల్లగా పొగ కక్కుతూ నిదానంగా, చాలాసేపు మండుతుంది, కిరసనాయిలు మిగులుతుంది. నన్ను పిసినారి అన్నవాళ్లు ఉన్నారు. వాళ్ల ఇళ్లల్లో ఏం మిగిలిందో నేనూ చూశాను.

ఆ ఎండాకాలం కారు పెట్రోలు మరీ ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. అదే కారు ఆయిలు మాత్రం బొట్టు అడగడం లేదు. ఈ రెండో సంగతిని మా మామగారు అరుగు మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్లందరికీ పాడి గేదెను గురించి చెప్పినట్లు చెప్పి మురిసేవారు, మా కారుకు ఆయిలు పోయనక్కర లేదు, పోసినదానికంటే పెరుగుతుంది అని. పోయకుండా పెరిగే వస్తువు లోకంలో ఉంటుందా అని అడిగే తెలివి ఆ అరుగు మీద ఒక్కరికీ పుట్టలేదు. తగ్గుతున్న పెట్రోలుకు మాత్రం కారణం క్షణంలో దొరికింది. డ్రైవరు అమ్ముకుంటున్నాడు. కనిపెట్టింది మా మరిది, ఒంగోలులో కాలేజీ వెలగబెట్టి ఒక దువ్వెనతోనూ రేడియోతోనూ తిరిగి వచ్చినవాడు. సాయంత్రాలు అన్నను ఎదురుగా నిలబెట్టి, ట్యాంకులో పుల్ల ముంచి కొలిచేవాడు. వీధిలోవాళ్లు ఆగి చూసేవాళ్లు. వచ్చే సంత దినం దాకా చూసి పంపించేద్దామని మామగారు నిశ్చయించారు. మా ఊళ్లో దొంగ అనిపించుకుని పోయినవాడికి గిద్దలూరులోనే కాదు, కంభంలో కూడా ఎవరూ స్టీరింగు ఇవ్వరు. ఆ సంగతి అన్నకు తెలుసు, అరుగుకూ తెలుసు.

అట్లాంటి రోజుల్లో ఒక సాయంత్రం నేను ఆ గుడ్డను పొయ్యిలో పెట్టి అగ్గిపుల్ల గీయగానే భగ్గుమని లేచి నా ముంగురులు మాడ్చింది. పొగ లేదు, నిదానం లేదు, ఒక్క ఊపున మండి బూడిదైంది. మర్నాడు అన్న గేజు తుడవగానే గుడ్డ అడిగి తీసుకుని వాసన చూశాను. పెట్రోలు. దీన్ని పెట్రోలుతో ఉతికినావా అన్నా అని అడిగితే ఆయన మొహం వాడిపోయింది.

"నువ్వు గూడా నన్నే అంటివా చెల్లెమ్మా."

నిన్ను కాదు, కారును అంటున్నానని చెప్పి లోపలికి వచ్చాను. అప్పట్లో కోడలు మామగారి ఎదుట పడి మాట్లాడటం ఎక్కడిది? తలుపు చాటున నిలబడి అత్తగారికి చెప్పినట్లు చెబితే, మూడు బారల దూరంలో ఉన్న మామగారు అంతా వినీ విననట్లు కూర్చుంటే, అత్తగారు మళ్లీ అదే మాట ఆయనకు చెప్పాలి. మా ఇంటాయన తండ్రి ముందు నోరు విప్పే మనిషి కాదు గనక ఆ దారే పట్టాను. పెట్రోలు ఎవరూ అమ్ముకోవడం లేదు, ఆయిలులోకి పోతోంది, అందుకే ఇది తగ్గి అది పెరుగుతోందని చెప్పించాను.

"పొయ్యి కాడ కూర్చునేదానికి ఇంజను సంగతి ఏం తెలుసంట?" అన్నారు మామగారు.

"పొయ్యి కాడ కూర్చున్నందుకే తెలిసిందని చెప్పు అత్తా," అన్నాను.

ఆమెకు నవ్వొచ్చిందో ఏమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత నేనిచ్చిన రెండు గుడ్డలు, డబ్బాలోని కొత్త ఆయిలులో ముంచినది ఒకటి, గేజు తుడిచినది ఒకటి, వాకిట్లో దూరదూరంగా పెట్టి అగ్గిపుల్ల గీసింది. మొదటిది అంటుకోవడానికే మొరాయించింది. రెండోది భగ్గుమంది. అరుగు మీదివాళ్లు లేచి వచ్చి బూడిద చూశారు. మా మరిది మాత్రం కూర్చున్న చోటి నుంచే తీర్పు చెప్పాడు.

"వాడే కలిపినాడు నాయనా, మనకు అనుమానం రాకుండా ఆయిలులో పోసినాడు."

ఇక తలుపు నాకు అడ్డం రాలేదు. బయటికి వచ్చి నిలబడి, "దొంగిలించినోడు అమ్ముకుంటాడు గానీ, మన ఇంజన్లోనే దాచిపెట్టి పోతాడా అబ్బయ్యా?" అని అడిగాను.

బస్టాండు దగ్గరి మెకానిక్కును పిలిపించారు. ఇంజను పక్కన బిగించి ఉండే పెట్రోలు పంపు విప్పితే లోపలి రబ్బరు పొర చిరిగి ఉంది, అక్కడి నుంచి పెట్రోలు కారి కిందున్న ఆయిలులో కలుస్తోంది. ఆయిలు నీళ్లలాగా ఉంది, ఇంకొన్నాళ్లు తిప్పి ఉంటే బేరింగులు పోయి ఇంజను పట్టేసేదని అతను చెప్పాడు. పొర మార్చారు. పెట్రోలు మళ్లీ సరిపోయింది.

మామగారు అన్నకు కాఫీ పంపించారు, అదీ రోజూ ఇచ్చే సత్తు గ్లాసులో కాదు, ఇత్తడి గ్లాసులో. అంతటితో తీరిపోయిందని ఆయన ఉద్దేశం. అన్న ఆ గ్లాసు మెట్టు మీదే ఉంచి, తాళం చెవి దాని పక్కన పెట్టి, పెరటి వాకిలికి వచ్చాడు. చేతిలో నా చీర ముక్క, ఉతికి, ఆరేసి, నాలుగు మడతలు పెట్టింది.

"ఇదో చెల్లెమ్మా నీ గుడ్డ. ఈ ఇంట్లోనుంచి ఇది గూడా తీసుకపోలేదని వాళ్లతో చెప్పు."

చెప్పాను. ఈసారి తలుపు చాటు నుంచి కాదు.

తర్వాత వచ్చిన డ్రైవరు నిజంగానే పెట్రోలు అమ్ముకున్నాడు. మామగారికి వంగి దండం పెట్టేవాడు గనక ఎవరి ముక్కుకూ ఏ వాసనా తగల్లేదు. మా మరిది ముసలివాడై ఇప్పటికీ ఆ చిరిగిన పొరను వాసనతో కనిపెట్టింది తానేనని పెళ్లిళ్లలో చెబుతుంటాడు, వినేవాళ్లు వింటుంటారు.

నిన్న మనవడి కారు సర్వీసు నుంచి వచ్చింది. బంకులో కల్తీ ఏమీ లేదట. ఇంటి నుంచి దుకాణానికి రెండు వీధులు, దానికి కూడా కారెక్కి, ఇంజను వేడెక్కకముందే ఆపేస్తుంటే కాలని పెట్రోలు ఆయిలులోకి దిగుతుందట, సర్వీసువాళ్లు ఆయిలు మార్చి, ఇకమీదట వారానికొకసారైనా దూరం తిప్పమన్నారట. నడవమని చెప్పడానికి వాళ్లకు మొహమాటం కాబోలు. మరి ఆ నక్షత్రం సంగతేమిటిరా అని అడిగాను.

"ఉండనీలే అవ్వా, ఎవరు చూస్తారు," అన్నాడు.

నిజమే, ఎవరు చూస్తారు. మా కాలంలోనూ మనుషుల మీద నిందలు వేశారు, అందులో మేమేమీ తక్కువ తినలేదు. కానీ నింద పడినవాడు మా వాకిట్లోనే నిలబడేవాడు, మా కాఫీ మెట్టు మీద వదిలేసి పోగలిగేవాడు. ఆ బంకులో ఎండకు నిలబడి గొట్టం పట్టుకునే మనిషికి తన మీద ఏం రాశారో కూడా తెలియదు. తెలిసినా, మడతపెట్టి తెచ్చి వీడి చేతిలో పెట్టడానికి అతని దగ్గర గుడ్డ ముక్క కూడా లేదు.