అరువిచ్చిన నాయనమ్మ

కంపెనీలకు, అవెలా మొదలయ్యాయో చెప్పే పుట్టుకథలు కల్పించి రాసిచ్చే ఆయన్ని అందరూ కథల మాస్టారు అంటారు. చెప్పుల కంపెనీకి వట్టికాళ్లతో తిరిగిన తాతనూ, దుప్పట్ల కంపెనీకి చలికి నిద్రపోని తల్లినీ అవలీలగా పుట్టించాడు. ఎక్కడైనా చిక్కుపడితే అరచేత్తో నడినెత్తి నిమురుకుంటాడు, కథ దిగుతుంది. సబ్బుల కంపెనీకి మాత్రం ఎంత నిమురుకున్నా దిగలేదు. "చదివితే ఏడుపు రావట్లేదయ్యా. రేపటికి రాకపోతే ఇంకొకళ్లని చూసుకుంటాం," అన్నాడు యజమాని. దిక్కుతోచక మాస్టారు తన సొంత నాయనమ్మనే రాసిచ్చేశాడు: ఇంట్లో సబ్బు వండుతూ చెయ్యి కాల్చుకుని, ఆ గరుకు చేత్తోనే మనవడి తల నిమిరి నిద్రపుచ్చిన మనిషిని. యజమాని కళ్లు తుడుచుకున్నాడు. "ఇకనుంచి ఈవిడ మా నాయనమ్మ," అన్నాడు.

కొత్త సబ్బు విడుదల సభకు హాలు కిక్కిరిసిపోయింది. మైకులో యజమానిని పిలిచేశారు. వేదిక మెట్టు మీద కాలు పెట్టినవాడల్లా గిరుక్కున వెనక్కి తిరిగి మాస్టారి చొక్కా పట్టుకున్నాడు.

"మా నాయనమ్మకి కాలింది ఏ చెయ్యి? తొందరగా చెప్పవయ్యా, జనం చూస్తున్నారు!"

కుడిచెయ్యి. దాని గరుకు ఇప్పటికీ నెత్తిమీద ఉన్నట్టే ఉంటుంది. మాస్టారు అరచేత్తో నడినెత్తి నిమురుకున్నాడు.

"ఎడమ చెయ్యి సార్," అన్నాడు.