మా కంప్యూటరుకు కండెమ్నేషన్ కమిటీ

ఆగస్టు 19, మంగళవారం. ఉదయం పదకొండు గంటలు. హాజరు: నేను, నా భార్య, ఎదురింటి ఒడియా మాస్టారు. స్థలం: మా ముందు గది.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. ఎవరెవరు ఉన్నారో రాయకుండా ఏ సంగతీ మొదలుపెట్టకపోవడం నాకు ఉద్యోగంలో పడిన అలవాటు. ఆ హాజరులో ఒకరిని తప్పుగా రాశానని మాత్రం సాయంత్రానికి గానీ తెలియలేదు.

అంతకు రెండు రోజుల ముందు, మా బరంపురంలోనే అంకులిలో కంప్యూటరు షాపు నడిపే ఆయన వచ్చి మా కంప్యూటరులో పాత సిస్టమ్ తీసి కొత్తది వేశాడు. తెర కొత్తగా మెరిసింది. అయితే మెనూ తెరిస్తే, అద్దె ఇంట్లో దిగేసరికి ముందున్నవాళ్లు వదిలేసిపోయిన సామాను కనబడ్డట్టు, మేము అడగని ప్రోగ్రాముల బొమ్మలు బోలెడు కనిపించాయి. లెక్కపెట్టాను. ఇరవై మూడు. వాటిలో ఒక్కదాన్నీ నేను పిలవలేదు. ఎవరు పంపారు, ఏం పని చేస్తాయి, ఇక్కడే ఎందుకు దిగాయి? విసుగు కన్నా వాటి సంగతేమిటో చూడాలనే కుతూహలమే ఎక్కువైంది.

పాత్రపూర్ బ్లాకు ఆఫీసులో నేను హెడ్ క్లర్కుగా ఉండగా, కాలు విరిగిన కుర్చీని కూడా ఊరికే పారేసేవాళ్లం కాదు. ముగ్గురు కూర్చుని, వస్తువును ఎదురుగా పెట్టి, పరీక్షించి, పనికిరాదని సంతకాలు చేస్తేనే బయటికి వెళ్లేది. దాన్ని కండెమ్నేషన్ అనేవాళ్లం. ఈ ఇరవై మూడింటికీ అదే పద్ధతి పెడదామనుకుని, లెక్కల మాస్టారుగా రిటైరైన ఎదురింటాయన్ని పిలిచాను. ఆయన ఒడియా మనిషే గాని పుట్టింది బరంపురంలోనే కనుక తెలుగు బాగానే మాట్లాడతాడు.

“బొడొబాబు, నౌకరీ మిమ్మల్ని ఒదిలింది గానీ మీరు ఫైలు ఒదల్లేదు,” అంటూ వచ్చి కుర్చీ లాక్కున్నాడు. మా ఒడిశా ఆఫీసుల్లో హెడ్ క్లర్కును బొడొబాబు అంటారు. ఆయన నోట్లో అది సగం మర్యాద, సగం వెటకారం.

మూడో సంతకం కోసం నా భార్యను పిలిచాను.

“ఏటండీ, కంప్యూటరుకి కూడా మీటింగేనా?” అంది వంటింట్లోంచి.

“రెండు నిమిషాలు వచ్చి చూసి వెళ్లు.”

“నా సంతకం మీరే పెట్టేసుకోండి. పొయ్యి మీద పప్పుంది.”

ఆమె ఇంట్లోనే ఉంది కదా అని హాజరులో రాసేశాను.

మొదటిది వాతావరణం చెప్పేది. తెరిస్తే బరంపురంలో జోరువాన అని చూపించింది. కిటికీలోంచి చూస్తే పెరట్లో బట్టలు ఎండుతున్నాయి. కాసేపటికి అర్థమైంది. అది బెంగాల్లో ఉన్న బరంపురం. మా ఊరి పేరు పక్కన గంజాం అని రాయకపోతే ఉత్తరాలు అక్కడికి పోవడం చిన్నప్పటి నుంచి ఎరిగినదే.

“నా పెళ్లి కార్డు అలాగే ఎల్లిపోయింది,” అన్నాడు మాస్టారు. “మా మామ పెళ్లికి రాలేదు. పిలవలేదని సచ్చేదాకా కోపమే!”

ఊరు సరిచేసి దాన్ని ఉంచాం. కారు పందెం తీశాం. ఎవరో సినిమా నటి కుక్కకు జలుబు చేసిందని చెప్పిన వార్తల బొమ్మనూ తీశాం. పేకాట దగ్గర మాస్టారు ఆగిపోయాడు. “పరీక్ష చెయ్యకుండా ఎలాగ తీసేస్తాం, ఆగ్యాఁ?” అని ఒడియా మర్యాదలో అడిగి, అరగంట పరీక్షించాడు. నాలుగుసార్లు ఓడిపోయాక, “పనికొస్తాది, ఉంచండి,” అన్నాడు. ప్రతిదానికీ ఎదురుగా నేను ఉంచడమో, తీసెయ్యడమో రాస్తూ వచ్చాను.

పంతొమ్మిదోది నీలం రంగు మేఘం.

“ఇదేటి?” అన్నాను.

“ఇంకో వాతావరణంలాగుంది. ఒక ఊరికి రెండు వాతావరణాలెందుకు?”

తీసెయ్యమంటే అది ఇంగ్లీషులో ఇంత పొడవు ప్రశ్న అడిగింది. మాస్టారు రెండు లైన్లు చదివి, “ఖాయమేనా అనడుగుతంది, అంతే,” అన్నాడు. ఖాయమేనని నొక్కాను. డైరీలో రాశాను: 19, మేఘం, తీసివేయడమైనది.

సాయంత్రం నాలుగింటికి నా భార్య కంప్యూటరు ముందు కూర్చుంది. ఆమె ఇక్కడి బళ్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పింది. రెండేళ్లుగా ఒక్కరికే చెబుతోంది. పొలసర నుంచి వచ్చి ఇచ్ఛాపురంలో ఒక ఆసుపత్రిలో నర్సుగా చేస్తున్న ఒడియా అమ్మాయికి, వారానికి మూడు రోజులు, పొద్దున్న ఏడు గంటలకు, ఫోనులో. వచ్చే రోగులు తెలుగువాళ్లు. వాళ్లు ఏమంటున్నారో ఆ అమ్మాయికి తెలియాలి. అందుకోసం నా భార్య సొంతంగా నలభై పాఠాలు తయారుచేసి కంప్యూటరులో పెట్టుకుంది. ఒక్కో పాఠం మూడేసి వారాలు నడుస్తుంది. మర్నాడు మొదలుపెట్టాల్సింది ముప్పై ఒకటోది.

“నా పాఠాలేవండీ?” అంది.

తెర మీద ఆమె పాఠాల ఫోల్డరు లేదు. వెతికాను. చెత్తబుట్టలోనూ లేదు. షాపాయనకు ఫోను చేశాను.

“మేఘం బొమ్మేటైనా తీసేసేరా సార్?” అన్నాడు.

“తీసేశాం. వాతావరణం అనుకున్నాం.”

“అది వాతావరణం కాదు సార్. కొత్త సిస్టమ్ ఎక్కించినప్పుడు మీ ఫైళ్లన్నీ దాన్లోకి మార్సేసింది. ఇంటర్నెట్లోకి ఎక్కిపోయుంటే దొరుకుతాయి. మొన్న మీ లైను మరీ నెమ్మది. అన్నీ ఎక్కేయో లేదో సూడాల. ఇప్పుడు పని మీద ఆస్కాలో ఉన్నాను. రేపు పొద్దున్న ఆరున్నరకి వస్తాను. అప్పటిదాకా ఏటీ ముట్టుకోకండి.”

నా భార్య అంతా విన్నది. కేకలేస్తుందనుకున్నాను. వెయ్యలేదు.

“ఆ కమిటీలో నేనున్నానా?”

“ఉన్నావు.”

“ఎక్కడున్నాను?”

“వంటింట్లో.”

“పాత్రపూర్లో కూడా ఇలాగే రాసేవోరా?”

పాత్రపూర్లో ఏ వస్తువునైనా తీసే ముందు, దాన్ని వాడుతున్నవాళ్ల దగ్గర ‘మాకు దీంతో పని లేదు’ అని కాగితం తీసుకునేవాళ్లం. పద్ధతంతటికీ ప్రాణం ఆ కాగితమే. కంప్యూటరు నేను కొన్నది కనుక వాడేది కూడా నేనే అనుకున్నాను. ఎర్ర సిరాతో హాజరులో ఆమెను కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టాను.

ఏమైనా సాయం అవుతుందేమోనని రెండేళ్ల డైరీలూ దించాను. పాఠం జరిగిన ప్రతి రోజూ రాసి ఉంది. ఎన్నింటికి మొదలైందీ, ఎన్నింటికి అయిందీ, లైను ఎన్నిసార్లు తెగిందీ రాశాను. ఏం చెప్పిందో ఒక్క రోజు కూడా రాయలేదు. నేను పక్క గదిలోనే ఉండేవాణ్ని.

“ముప్పై ఒకటో పాఠం దేని గురించి?” అని అడిగాను.

“నొప్పుల గురించి. ఒడియాలో బింధుచి అంటే సగం నొప్పులకి సరిపోద్ది. మనకలా కుదరదు కదండీ. తలపోటు వేరు, సలుపు వేరు, తిమ్మిరి వేరు. ఏ ముక్క తర్వాత ఏది పెట్టేనో ఆరు నెలల కిందటి మాట. గుర్తులేదు,” అని లేచి వెళ్లి దీపం పెట్టింది.

మర్నాడు షాపాయన చెప్పిన వేళకే వచ్చాడు. మేఘాన్ని మళ్లీ పెట్టాడు. ఫోల్డరు కనిపించింది గాని మొదట అందులో ఏమీ లేదు. తర్వాత ఒకటి, మూడు, పదిహేను అంటూ పాఠాలు వరస లేకుండా దిగసాగాయి. ఏడయ్యేసరికి ఇరవై రెండు వచ్చాయి. ముప్పై ఒకటి వాటిలో లేదు. ఫోను మోగింది.

నా భార్య చెంగు సర్దుకుని కూర్చుంది. “ఈరోజు కాయితం లేదమ్మా. నేను రోగిని, నువ్వు నర్సువి. అడుగు.”

“ఏటైనాది, అమ్మా?” అంది ఫోనులో అమ్మాయి.

“ఓలమ్మా, రాత్రి నుంచి నడుం సలుపుతంది.”

“సలుపా, పోటా?”

“పోటు తలకమ్మా. నడుముకి సలుపు. కాలికయితే తిమ్మిరి.”

కంప్యూటరు ముందున్న షాపాయన ఉండబట్టలేక, “మా అమ్మ పిక్కలు గుంజుతున్నాయంటాదండి,” అన్నాడు.

“ఇన్నావా? గుంజడం. పిక్క నరం లాగేసినట్టుంటాది,” అని నా భార్య కాలు చాపి చూపించింది. అవతల ఆ అమ్మాయి నవ్వి, గుంజుతోందా అమ్మా, గుంజుతోందా అమ్మా అని రెండుసార్లు అంది.

ఏడూ ఇరవైకి ముప్పై ఒకటో పాఠం దిగింది. వేలితో చూపించాను. ఆమె చేత్తోనే ఆగమంది. పాఠం ఏడున్నరకు అయింది. నలభయ్యోది దిగేసరికి ఎనిమిది దాటింది. షాపాయన టీ తాగి వెళ్లాడు.

అప్పుడు ఆమె ముప్పై ఒకటో పాఠం తెరిచి, కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది.

“ఇందులో గుంజడం లేదండీ,” అని, కింద ఒక లైను టైపు కొట్టడం మొదలుపెట్టింది.