మామగారి పైపూ నా వాంతులూ

మా మామగారు అడవుల శాఖలో రిటైరై హనుమకొండ సుబేదారిలో ఇల్లు కట్టుకున్నారు. చుట్ట తాగేవాళ్ళంటే ఆయనకు చిన్నచూపు. ఆయన తాగేది పైపు, ఎప్పుడో పై ఆఫీసరును చూసి పట్టుకున్న షోకు. డెబ్బైల చివర డబ్బా పొగాకు హనుమకొండ దుకాణాల్లో దొరకడం మానేశాక, ఇంట్లోనే తయారుచేసుకోవడం మొదలుపెట్టారు. ఏటూరునాగారం నుంచి పాత గార్డు ఒకాయన బస్సులో ఆకు పంపేవాడు. మామగారికి చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని నా నెత్తిన పడింది. కొడుకుగారికి, అంటే మా ఆయనకు, పొగాకు వాసనే పడదు కాబట్టి ఆయన తప్పించుకున్నారు.

ఈనెలు తీసేసి, నల్ల ఆకు ఒక వంతు, లేత రంగు ఆకు మూడు వంతులు కలిపి, బెల్లం నీళ్ళతో తడిపి, పిండి పిసికినట్టు పిసకాలి. తర్వాత బట్టలో చుట్టి బరువు కింద నాలుగు రోజులు ఉంచి, కత్తిపీట మీద సన్నగా తరిగి నీడలో ఆరబెట్టాలి. నీళ్ళు ఎక్కువైతే బూజు, తక్కువైతే గొంతులో మంట. ఏది జరిగినా "ఏంది బిడ్డా, గిది పొగాకా, పసుల గడ్డా?" అని పైపు పక్కన పెట్టేసేవారు.

నాకు పెళ్ళయి ఆరేళ్ళు. పిల్లలు లేరు. గొడ్రాలు అని ఎవరూ నా ముఖాన అనలేదు. నేను రాగానే మాట మార్చేవాళ్ళు, నాకు అదే ఎక్కువ మండేది. ఆ ఎండాకాలం నెల తప్పి పన్నెండు రోజులైంది. అది కొత్తేమీ కాదు, నాకెప్పుడూ వెనకాముందూ అయ్యేదే. కానీ ఒక మధ్యాహ్నం గంపెడు ఆకు పిసికి లేచేసరికి కళ్ళు తిరిగాయి. పెరట్లో కడుపులో ఉన్నదంతా కక్కాను.

అత్తమ్మ పరుగున వచ్చి వీపు నిమిరింది. "నీళ్ళు పోసుకున్నవా బిడ్డా?" అంది. అవునని నేను అనలేదు. కాదనీ అనలేదు. సాయంత్రానికి వాడకట్టంతా తెలిసిపోయింది. మూడో నెల పడ్డాక దవాఖానకు పోదామంది అత్తమ్మ.

మళ్ళీ ఆకు పిసికిన రోజే వాంతి. ఆకు ముట్టని రోజు శుభ్రంగా ఆకలేసేది. మూడోసారికి సంగతి అర్థమైంది. అర్థమయ్యాక కూడా మానలేదు. వాంతులు ఆగితే అత్తమ్మకు ఏమని చెప్పాలి? అవసరం లేకపోయినా ఆకు తడిపాను. మామగారి డబ్బాలన్నీ నిండిపోయాయి. ఒకవేళ నిజంగానే కడుపు నిలిచిందేమోనని ఒక ఆశ. నిలిచి ఉంటే ఈ విషం దానికీ పోతుందేమోనని భయం.

ఒకరోజు మామగారు నేను కక్కడం చూశారు. రంగు పట్టిన నా వేళ్ళు కూడా చూశారు.

"మొదట్ల నాకు సుత గిట్లనే అయింది. తడి ఆకు చేతులకెల్లి ఒంటికి పడుతది బిడ్డా."

"అత్తమ్మకు చెప్పకుర్రి మామా."

"చెప్ప తియ్. కనీ ఇగ ఆకు ముట్టకు." గంప ఆయనే తీసుకుపోయారు.

వాంతులు ఆగాయి. నాలుగో రోజు ముట్టయ్యాను. ఆచారం ప్రకారం చాప తీసుకుని వెనక వరండాలో విడిగా కూచున్నాను. అత్తమ్మ చూసి అక్కడే కూలబడింది.

"కడుపు పాయెనా బిడ్డా? నేనే నీతోని బిందెలు మోయించిన. నా చేతులిరగ!" అని తల బాదుకుంది. ముట్టుకోకూడదన్నది కూడా మరిచి నన్ను పట్టుకుని ఏడ్చింది.

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. చెప్పేయనా అన్నట్టు నా వైపు చూశారు. ఆమె తప్పేమీ లేదని తేలడానికి ఒక్క మాట చాలు. కానీ కడుపు పోయిందంటే, ఒకసారి నిలిచిందనే కదా లెక్క. ఇక నన్నెవరూ గొడ్రాలనుకోరు. అంత చెడ్డ ఆలోచన అంత తొందరగా ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆమె నా భుజం మీద ఏడుస్తుండగానే, చెప్పొద్దని ఆయనకు తల అడ్డంగా ఊపాను.