ఆమె ఎత్తుకు గీసిన స్టాండు

ఒమన్‌లోని రూవీలో మా ఆఫీసుకు కంప్యూటర్ వచ్చిన ఏడాది, అంతవరకు కాగితం మీద గీసే నన్ను దాని ముందు కూర్చోబెట్టారు. దుకాణాల్లో సరుకు పేర్చి చూపించే స్టాండును ముందు తెర మీద నిలబెట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, ఆ తర్వాతే చెక్క కోయాలి. రంగులు వేసి చూపించమంటే నేను అన్నం తిని వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉండేది, మహాతల్లి!

ఒక అత్తరు వ్యాపారి ఎగ్జిబిషన్ కోసం పెద్ద స్టాండు అడిగాడు. "ఇది కుదిరితే నీ ఫ్యామిలీ వీసాకి సంతకం పెడతా" అన్నాడు మా ఆర్బాబ్. యజమానిని ఇక్కడ అలాగే అంటాం. పెళ్లయినప్పటి నుంచీ నేనిక్కడ, నా భార్య కాకినాడలో. ఆ సంతకం కోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తూ ఉండేవాళ్లం.

ఫోన్‌లో చెబితే పడీపడీ నవ్వింది. "అయితే నా ఎత్తుకే చెయ్యండి. అక్కడైనా పీటెక్కకుండా ఏదో ఒకటి అందుకుంటాను."

కొలత తెలియడానికి స్టాండు పక్కన ఒక మనిషి బొమ్మ పెడతాం. దానికి ఆమె ఎత్తే ఇచ్చాను. చిలకాకుపచ్చ చీర కట్టాను. చెయ్యి చాపితే పై అర అందేలా చూశాను. మా వడ్రంగి మేస్త్రి, కడప భాయ్, తెరలోకి తొంగిచూశాడు.

"ఏంది సామీ, వదినను అంగట్లో నిలబెట్నావే!"

"వస్తుంది కదా భాయ్, ముందే చోటు పట్టా."

ఎగ్జిబిషన్ మొదలైన రోజు ఆ వ్యాపారే అతిథులను వెంటబెట్టుకొచ్చి, సీసా అందుకోబోయాడు. ఆమె తలకు తగలనంత ఎత్తులోనే నేను ముందుకు చాపిన పేరు బోర్డు, ఆమెకన్నా పొడుగైన ఆయన తలపాగాకు కొట్టుకుంది. తలపాగా ఊడి నేల మీద పడింది. ఇక్కడి పెద్దమనిషికి పదిమందిలో అలా జరిగితే తల కొట్టేసినట్టే. ఆయన దాన్ని తీసుకుని వెళ్లిపోయాడు.

"వీసా ఖలాస్!" అన్నాడు ఆర్బాబ్.

"పోనీలెండి, వచ్చే ఏడు వస్తాను. నేనెక్కడికి పోతాను?" అంది ఆమె ఫోన్‌లో.

ఆ వానల్లోనే ఆమెకు పచ్చకామెర్లు వచ్చాయి. సెలవు దొరికి నేను కాకినాడ చేరేసరికి అంతా అయిపోయింది. ఎంత మాట అన్నావే, ఎక్కడికి పోతానని! గుండె పగిలిపోయింది నాకు. ఇప్పటికీ అతుక్కోలేదు.

తిరిగొచ్చాక కొత్త స్టాండు గీయమన్నారు. పాత బొమ్మ తీసేసి పొడుగాటి మగమనిషిని పెట్టాలి. తెర మీద చిలకాకుపచ్చ చీరలో, చెయ్యి చాపి అలాగే నిలబడి ఉంది. చెరపమంటే కంప్యూటర్ నిజంగానే చెరపాలా అని అడిగింది. నాకు వేలు ఆడలేదు.

"ఉండనీ సామీ" అన్నాడు వెనక నుంచి కడప భాయ్.

ఆ మగమనిషిని ఆమె పక్కన నిలబెట్టాను. ఒమన్‌లో ఆమె నిలబడింది అదొక్క చోటే.